మార్జాలమూ మధుమేహమూ

గోదావరి డెల్టాలో పిల్లి తిరుగని వాడ అరుదు. వరి పండే సీమలో గాదెలు నిండుతాయి. గాదె ఉన్న చోట ఎలుక చేరుతుంది. ఎలుక చేరిన చోటికి పిల్లి పిలువకుండానే వస్తుంది. వసిష్ఠ గోదావరి సముద్రంలో సంగమించడానికి కొంత దూరం ముందు, ఆ నదికి పడమటి గట్టున వెలసిన నరసాపురంలో ఈ సహజ సంబంధానికి చేప కూడా తోడైంది. రేవు నుండి చేపల బుట్ట ఇంటి గడప దాటేసరికి పిల్లి వాకిట సిద్ధంగా ఉంటుంది. మధ్యాహ్నం పూట అరుగు మీద కూర్చుండి స్త్రీలు లేసు అల్లుతూ ఉంటే, ఆ దారపు ఉండ పక్కనే అది ముడుచుకొని నిద్రిస్తుంది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ అల్లికలకు ఎన్ని తరాల చరిత్ర ఉన్నదో, అల్లికల పక్కన నిద్రించే పిల్లికి అంతకంటే పెద్ద చరిత్రే ఉండి ఉంటుంది.

ఇంతటి చనువున్నా, పిల్లికి వచ్చే వ్యాధులను గురించిన పరిజ్ఞానం గృహస్థులలో స్వల్పం. గేదెకు జబ్బు చేస్తే పాలు తగ్గుతాయి, కనుక వెంటనే తెలుస్తుంది. పిల్లి విషయంలో అటువంటి లెక్క లేదు. పైగా అస్వస్థతను దాచుకోవడం దాని స్వభావం. అందుచేత పశువైద్యుడు రక్తపరీక్ష జరిపి, "దీనికి మధుమేహం వచ్చింది" అన్నప్పుడు ఇంటివారు మొదట నమ్మరు. "పిల్లికి షుగరేమిటండీ!" అన్న మాట అప్రయత్నంగా వెలువడుతుంది. నమ్మిన పిమ్మట భయం మొదలవుతుంది. రోజుకు రెండు పర్యాయాలు సూదిమందు వేయవలసి ఉంటుందని విన్నప్పుడు ఆ భయం రెట్టింపవుతుంది.

నిజానికి ఈ వ్యాధి పిల్లులలో వింతైనది కాదు. బ్రిటన్‌లో బీమా చేయించిన పిల్లులను గురించి 2007లో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం, దాదాపు 230 పిల్లులలో ఒకదానికి మధుమేహం ఉన్నట్లు తేలింది. ఏడెనిమిదేండ్లు దాటినవీ, స్థూలకాయం గలవీ, ఇంటిపట్టునే ఉండి కదలిక తగ్గినవీ, శస్త్రచికిత్స చేయించిన మగ పిల్లులూ దీనికి ఎక్కువగా లోనవుతాయి. చర్మవ్యాధులకూ, దురదలకూ తరచుగా స్టెరాయిడ్ సూదులు వేయించిన పిల్లులలో కూడా ఇది తలయెత్తవచ్చును. వైద్యుని వద్దకు వెళ్ళినప్పుడు గతంలో వాడిన మందులన్నింటినీ చెప్పడం అందుకే ఆవశ్యకం. కారణం స్టెరాయిడే అయినట్లయితే, దానిని వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా మాన్పించడంతోనే వ్యాధి ఉపశమించిన సందర్భాలు ఉన్నాయి.

మధుమేహాన్ని మానవుడు గుర్తించి రెండు వేల సంవత్సరాలు దాటింది. చరక సుశ్రుతులు దీనిని వర్ణించారు. రోగి మూత్రానికి చీమలు చేరడం ప్రాచీన భారతీయ వైద్యులకు తెలిసిన లక్షణం. అయితే ఈ వ్యాధి శరీరంలో ఎక్కడ పుడుతుందో చెప్పినది మాత్రం ఒక మూగజీవమే. 1889లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో మింకోవ్‌స్కీ, వాన్ మేరింగ్ అనే శాస్త్రజ్ఞులు ఒక కుక్క నుండి క్లోమాన్ని తొలగించగా దానికి మధుమేహం సంక్రమించింది. ఆ క్లోమంలో ఉన్న రహస్య ద్రవ్యాన్ని వెలికి తీయడానికి మరి ముప్పది రెండేండ్లు పట్టింది. 1921లో కెనడాలోని టొరాంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనే యువకులు, మాక్లియాడ్ ప్రయోగశాలలో, కుక్కలపై ప్రయోగాలు చేసి ఇన్సులిన్‌ను సాధించారు. కొలిప్ దానిని శుద్ధి చేసే మార్గం కనుగొన్నాడు. 1922 జనవరిలో లియొనార్డ్ థాంప్సన్ అనే పదునాలుగేండ్ల బాలుడు ఆ మందుతో మరణముఖం నుండి బయటపడ్డాడు. తరువాత ఆరు దశాబ్దాల పాటు ప్రపంచంలోని రోగులందరూ పశువుల, పందుల క్లోమాల నుండి తీసిన ఇన్సులిన్‌తోనే జీవించారు. పిల్లి ఇన్సులిన్‌కూ ఆవు ఇన్సులిన్‌కూ మధ్య ఉన్న భేదం ఒకే ఒక అమైనో ఆమ్లం. నేడు మనుషుల మందుల దుకాణం నుండి పిల్లికి ఇన్సులిన్ తెచ్చుకోవడం చూచి ఆశ్చర్యపోయేవారు, ఆ మందు మొదట జంతువుల నుండే మనిషికి వచ్చిందన్న సంగతిని మరచిపోతారు.

ఇన్సులిన్ చేసే పని ఏమిటి? తిన్న ఆహారం గ్లూకోజుగా మారి రక్తంలో ప్రవహిస్తుంది. కణాలు దానిని గ్రహిస్తేనే శక్తి పుడుతుంది. ఆ శక్తి కణంలో ఏ రూపంలో నిలుస్తుందో కనుగొన్నవారిలో ఒకరు నరసాపురానికి పొరుగున ఉన్న భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి ఆయన, అదే కాలంలో జర్మనీలో లోమన్, 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని లోకానికి తెలియజేశారు. రక్తంలోని గ్లూకోజు కండరాలలోనికి చేరి ఆ రూపం ధరించాలంటే ఇన్సులిన్ తలుపు తీయాలి. తలుపు తెరుచుకొనకపోతే రక్తంలో చక్కెర పొంగి పొరలుతూ ఉంటుంది, కణం మాత్రం ఆకలితో అలమటిస్తుంది. ధాన్యం గాదెలో ఉండి, తాళపుచెవి పోయిన ఇంటి వంటిది ఆ దేహం. అందుకే మధుమేహం వచ్చిన పిల్లి గిన్నెలు ఊడ్చి తింటుంది, అయినా చిక్కిపోతుంది. రక్తంలోని చక్కెర ఒక హద్దు దాటినపుడు మూత్రపిండాలు దానిని బయటికి వదలుతాయి. చక్కెరతో పాటు నీరు కూడా పోతుంది. నీరు పోగా దాహం పెరుగుతుంది.

చాలా పిల్లులలో కనిపించేది మనుషులలోని రెండవ రకం మధుమేహాన్ని పోలినది. క్లోమం ఇన్సులిన్‌ను కొంత ఉత్పత్తి చేస్తూనే ఉంటుంది, కానీ దేహం దానికి సరిగా స్పందించదు. చక్కెర అధికమై దీర్ఘకాలం నిలిచిన కొద్దీ క్లోమకణాలు మరింత దెబ్బతింటాయి. వ్యాధిని త్వరగా గుర్తించవలసిన అగత్యం ఇక్కడే ఉన్నది. ఆ కణాలకు సకాలంలో విశ్రాంతి లభిస్తే కొన్ని కోలుకుంటాయి. ఆలస్యమైతే ఆ అవకాశం చేజారిపోతుంది.

ఇక పిల్లి ఆహారం విషయం. మన ఇండ్లలో పిల్లికి పాలన్నం, పెరుగన్నం పెట్టడం ఆచారం. ఉన్నదానిలో ఒక ముద్ద పెట్టడం గృహస్థధర్మంగా భావించారు, దానిలో దోషమేమీ లేదు. పొలాల వెంట ఎలుకలను వేటాడే పిల్లికి ఆ అన్నం ఉపాహారం మాత్రమే. వేట మానేసి, రోజంతా అరుగు మీద పడుకొనే పిల్లికి అదే ప్రధానాహారమైనప్పుడు చిక్కు ఏర్పడుతుంది. ప్రకృతి పిల్లిని మాంసాహారిగానే నిర్మించింది. దాని లాలాజలంలో పిండిపదార్థాన్ని విడగొట్టే రసం లేదు. గ్లూకోజు వెల్లువను వేగంగా ఇముడ్చుకొనే శక్తి దాని కాలేయానికి తక్కువ. ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలు కూడా సరిగా అరగవు. అంతకంటే చిత్రమైన విషయం ఒకటి 2005లో వెల్లడైంది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఉన్న మోనెల్ పరిశోధనాలయపు శాస్త్రజ్ఞులు, పిల్లి జాతిలో తీపిని గుర్తించే జన్యువు పనిచేయదని నిరూపించారు. ఆ జన్యువులో 247 అక్షరాల మేరకు లోపం ఉన్నది. పులికీ, చీతాకూ కూడా అంతే. ఆత్రేయపురం పూతరేకు ముందు పెట్టినా పిల్లి దాని తీపిని ఎరుగదు. నాకినదంటే అందులోని నేతి కోసమే. చక్కెర రుచి తెలియని జీవికి చక్కెర వ్యాధి రావడం విచిత్రమే!

ఇది విన్న ఇంటివారు, తాము ప్రేమతో పెట్టిన అన్నమే దానికి హాని చేసిందని కుమిలిపోవడం కద్దు. ఆ దుఃఖానికి ఆధారం తక్కువ. వంశలక్షణం, వయస్సు, బరువు, మందులు, క్లోమపు వాపు వంటి అనేక కారణాలు కలిస్తేనే ఈ వ్యాధి వస్తుంది. అదే అన్నం తిని పదిహేనేండ్లు నిక్షేపంగా జీవించే పిల్లులు ఎన్ని లేవు!

వ్యాధి చిహ్నాలను గుర్తించడం పట్నపు ఇంటి కంటె డెల్టా ఇంటిలో కష్టం. పిల్లి బయట తిరుగుతుంది. కాలువలో నీరు తాగుతుందో, పెరటి తొట్టిలో తాగుతుందో ఎవరూ చూడరు. మూత్రం ఇసుకలో కప్పివేస్తుంది. అయినప్పటికీ కొన్ని ఆనవాళ్ళు దొరుకుతాయి. ఎన్నడూ నీటి గిన్నె వైపు చూడని పిల్లి దాని వద్దనే కాచుకొని ఉండడం, పెరటిలో ఒకే చోట చీమలు బారులు తీరడం, వీపు మీద బొచ్చు మెరుపు తగ్గి ఎముకలు తగలడం అటువంటివి. ఉట్టి దాకా ఎగిరే పిల్లి అరుగు ఎక్కడానికి తటపటాయిస్తే వయసు మీరినదని సరిపెట్టుకోరాదు. దీర్ఘకాలం చక్కెర అధికంగా ఉన్నప్పుడు వెనుక కాళ్ళ నరాలు బలహీనపడి, పిల్లి మునివేళ్ళ మీద గాక మడమలు నేలకు ఆనించి నడుస్తుంది. చికిత్సతో చక్కెర అదుపులోనికి వచ్చిన తరువాత ఈ నడక చాలామటుకు, నెలల మీద, సరిపడుతుంది.

పరీక్షలో ఒక మెలిక ఉన్నది. బుట్టలో పెట్టి, బండి మీద తీసుకొని వెళ్ళి, కుక్కలు మొరిగే ఆవరణలో కూర్చోబెట్టిన పిల్లికి ఆ భయం చేతనే రక్తంలో చక్కెర పెరుగుతుంది. కనుక ఒక్కసారి చేసిన రక్తపరీక్షతో వైద్యుడు తీర్పు చెప్పడు. మూత్రంలో చక్కెర ఉన్నదేమో చూస్తాడు. వీలైన చోట ఫ్రక్టోసమిన్ అనే పరీక్ష చేయిస్తాడు. అది గడచిన ఒకటి రెండు వారాల సగటును తెలుపుతుంది, ఆ పూట కలిగిన భయం దానిని మార్చలేదు. మూత్రంలో కీటోన్లు ఉన్నవీ లేనిదీ కూడా తెలుసుకోవాలి. అవి ఉండి, పిల్లి తిండి మానేసి, వాంతులు చేసుకుంటూ నీరసించి పడి ఉంటే అది ప్రాణాపాయ స్థితి. ఆ రోజే ఆసుపత్రిలో చికిత్స ఆరంభం కావాలి. చిన్న పట్టణంలో అన్ని సౌకర్యాలూ దొరకవు. నరసాపురం వారికి భీమవరం దగ్గర. అంతకు మించిన వైద్యం కావలసినపుడు, 1998లో విజయవాడ సమీపాన గన్నవరంలో నెలకొన్న ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉన్నది. అది నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. వసిష్ఠకు ఆవలి ఒడ్డున సఖినేటిపల్లి వైపు ఉన్నవారికి పంటు మీద నది దాటడం దీనికి అదనం.

చికిత్సలో ప్రధానమైనది ఇన్సులిన్. సూది అనగానే జంకే ఇంటివారు మూడు నాలుగు దినాలలోనే తమ భయం నిరాధారమైనదని గ్రహిస్తారు. మెడ వెనుకగానీ, పక్కటెముకల మీదగానీ వదులుగా ఉండే చర్మాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి సన్నని సూదిని గుచ్చితే, గిన్నెలో తల దూర్చి తింటున్న పిల్లి చాలాసార్లు గమనించను కూడా గమనించదు. దారంతో సన్నని లేసు అల్లే చేతులకు ఇది కష్టమైన పని కాదు. కష్టమల్లా వేళను పాటించడంలో ఉన్నది. ఉదయం ఆరు గంటలకు వేస్తే సాయంత్రం ఆరు గంటలకు వేయాలి. పెళ్ళికి వెళ్ళినా, తీర్థానికి వెళ్ళినా ఆ వేళకు ఎవరో ఒకరు ఇంట ఉండాలి. వీధులు తిరిగే పిల్లి ఆ వేళకు ఇంటికి రావాలి. దీనికి అనుభవజ్ఞులు చెప్పే ఉపాయం ఒకటే: ఆ రెండు వేళలలో తప్ప మరెప్పుడూ ఆహారం పెట్టకపోవడం. ఆకలి దానిని గడియారం వలె నడిపిస్తుంది. అయితే పొరుగిళ్ళవారు కూడా పెట్టకుండా ఒప్పించవలసి ఉంటుంది. వాడలో అది సూది వేయడం కంటె కష్టమైన పని.

ఇక్కడ ఒక ప్రమాదాన్ని గురించి విపులంగా చెప్పుకోవాలి. మన దేశంలో ఇన్సులిన్ ముఖ్యంగా రెండు సాంద్రతలలో లభిస్తుంది. ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు ఉన్నది ఒకటి, 100 యూనిట్లు ఉన్నది మరొకటి. దేని సిరంజి దానికే. 40 యూనిట్ల సిరంజికి ఎర్ర మూత, 100 యూనిట్ల సిరంజికి నారింజ రంగు మూత ఉంటాయి. పిల్లులకు తరచు వ్రాసే గ్లార్జిన్ 100 యూనిట్ల రకానికి చెందినది. దానిని పొరపాటున ఎర్ర మూత సిరంజిలో ఒక యూనిట్ గీత వరకు తీసుకుంటే, పిల్లి దేహంలోనికి వెళ్ళేది ఒక యూనిట్ కాదు, రెండున్నర యూనిట్లు. మనిషికి ఆ తేడా స్వల్పం కావచ్చును. నాలుగు కిలోల ప్రాణికి, చాలా సందర్భాలలో పూటకు ఒక్క యూనిట్‌తో మొదలయ్యే చికిత్సలో, అది ప్రాణాంతకం కాగలదు. ఇంటిలో తాతగారికీ మధుమేహం ఉండి, ఆయన సిరంజిలూ పిల్లి సిరంజిలూ ఒకే అలమరలో ఉంటే ఈ పొరపాటు జరగడం ఎంతో సులువు. రెండింటినీ వేరు వేరు డబ్బాలలో ఉంచడం శ్రేయస్కరం. తాతగారి మాత్రలను పిల్లికి వేయడం అంతకంటె అవివేకం.

చక్కెర ఎక్కువైతే హాని నెమ్మదిగా జరుగుతుంది, మరీ తక్కువైతే నిమిషాలలో జరుగుతుంది. తూలి నడవడం, శూన్యంలోకి చూడడం, వణుకు, చివరకు మూర్ఛ దాని లక్షణాలు. అప్పుడు తేనెనుగానీ గ్లూకోజు నీటినిగానీ వేలితో చిగుళ్ళకు రాసి, వెంటనే వైద్యునికి తెలియజేయాలి. మూర్ఛలో ఉన్నదాని నోటిలో నీరు పోయరాదు. పిల్లి ఆ పూట ఏమీ తినకపోతే యథాప్రకారం పూర్తి మోతాదు వేయరాదు. వేశామో లేదో అన్న సందేహం కలిగితే రెండవసారి వేయకుండా ఆ పూట విడిచిపెట్టడమే మేలు. ఒక పూట తప్పినందువల్ల కలిగే నష్టం, రెండుసార్లు వేసినందువల్ల కలిగే నష్టంతో పోలిస్తే అత్యల్పం. గోడ మీది క్యాలెండరులో గడికి రెండు టిక్కులు పెట్టుకొనే ఇండ్లలో ఈ సందేహమే తలెత్తదు. చెవి అంచున ఒక చిన్న బొట్టు రక్తం తీసి ఇంటిలోని గ్లూకోమీటరుతో చూడడం అలవడితే మరింత నిశ్చింత. ఆ పరికరం మనుషుల రక్తానికి తగినట్లు తయారైనది కనుక అంకెలలో కొంత వ్యత్యాసం ఉంటుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

ఆహారంలో పిండిపదార్థాన్ని తగ్గించి మాంసకృత్తులను పెంచాలి. నరసాపురం వంటి చోట ఇది అంత కష్టం కాదనిపిస్తుంది. కానీ చేప అన్న ప్రతిదీ పథ్యం కాదు. ఎండుచేపలలో ఉప్పు అధికం. కొన్ని పచ్చి చేపలలో బి1 విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంటుంది కనుక ఉడికించి, ముళ్ళు తీసి పెట్టాలి. పులుసులోని ముక్క అసలే పనికిరాదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలకు విషం. కేవలం చేపతోనో, కేవలం కోడిమాంసంతోనో అన్ని పోషకాలూ అందవు గనుక వైద్యుని సలహా మేరకు సిద్ధాహారాన్ని కలుపుకోవడం మంచిది. బరువు తగ్గించాలన్న ఆతురతతో పస్తులు పెట్టడం కూడని పని. స్థూలకాయం గల పిల్లి కొద్ది దినాలు తినకపోతే దాని కాలేయానికి కొవ్వు పట్టి మరొక ఆపద వస్తుంది. అంతేగాక, ఇన్సులిన్ వేస్తున్న పిల్లికి పిండిపదార్థాన్ని ఒక్కసారిగా మాన్పిస్తే చక్కెర ఆకస్మికంగా పడిపోవచ్చును. మార్పు క్రమంగా, వైద్యునికి తెలిసి జరగాలి.

సముద్రతీర పట్టణానికి ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉన్నది. ఇన్సులిన్‌ను రెండు నుండి ఎనిమిది డిగ్రీల మధ్య భద్రపరచాలి. గడ్డకడితే అది చెడిపోతుంది, ఎండకు పెట్టినా చెడిపోతుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపాననే తీరం దాటింది. అటువంటి వేళలలో విద్యుత్తు ఎప్పుడు వస్తుందో చెప్పలేము. అప్పుడు పాతకాలపు మట్టికుండే శరణ్యం. ఒక కుండలో తడి ఇసుక నింపి, దానిలో చిన్న ముంతను దించి, నీరు తగలకుండా సీసాను పొట్లం కట్టి అందులో ఉంచితే, కుండలోని చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని తగ్గిస్తుంది. ఫ్రిజ్ అంత చల్లదనం రాకపోయినా కొద్ది దినాలు మందు చెడకుండా గడుస్తుంది. తుపాను హెచ్చరిక వినగానే బియ్యం, కిరోసిన్‌తో పాటు సిరంజిలను కూడా సమకూర్చుకొనవలసిన ఇండ్లు ఇవి.

ఇటీవల సూది అవసరం లేని మందులు కూడా వచ్చాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్ అనే మాత్రను, 2023 ఆగస్టులో వెలాగ్లిఫ్లోజిన్ అనే ద్రవౌషధాన్ని పిల్లుల కోసం ఆమోదించింది. ఇవి చక్కెరను మూత్రం ద్వారా వెడలగొడతాయి. రోజుకు ఒకసారి చాలు. అయితే అన్ని పిల్లులకూ ఇవి తగవు. అంతకు మునుపు ఇన్సులిన్ వాడిన పిల్లులకు ఇవ్వరాదని వాటి పత్రాలలోనే ఉన్నది. రక్తంలో చక్కెర మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు పెరిగే ప్రమాదం కూడా ఉన్నందున తొలి వారాలలో దగ్గరగా కనిపెట్టుకొని ఉండాలి.

కుటుంబానికి ఎదురయ్యే ప్రశ్న వైద్యానికి మాత్రమే చెందినది కాదు. పూట గడవడమే కష్టమైన ఇంటిలో నెలనెలా మందు, సిరంజిలు, పరీక్షలు అన్న లెక్క బరువైనది. ఆ ఇంటివారు పిల్లిని తక్కువగా ప్రేమిస్తున్నారని ఎవరూ అనుకోరాదు. అటువంటివారు వైద్యునితో ఆ సంగతి దాచకుండా మాట్లాడడమే మంచిది. ఖరీదైన పరీక్షలను తగ్గించి, నీటి గిన్నె కొలత, బరువు, నడక, ఆకలి అనే నాలుగింటిని ఆధారం చేసుకొని చికిత్స నడిపే వైద్యులు ఉన్నారు. రాత్రి లీటరు కొలతతో గిన్నె నింపి మరునాడు మిగిలినది కొలిస్తే చక్కెర అదుపులో ఉన్నదీ లేనిదీ చాలావరకు తెలిసిపోతుంది. దానికి ఖర్చు లేదు. ఎంత యత్నించినా పిల్లి బాధ తగ్గనప్పుడు, బాధ లేకుండా దానిని సాగనంపడం గురించి కూడా వైద్యుడే చెబుతాడు. రోగం బయటపడిన మొదటి వారంలోనే, భయంతో ఆ నిర్ణయానికి రావడం మాత్రం తొందరపాటు. ఆ వారంలో పిల్లి మిక్కిలి దీనంగా కనిపిస్తుంది. చికిత్సకు అది స్పందించేదీ ఆ తరువాతనే.

పిల్లి మధుమేహంలో మనిషి అసూయపడదగిన విశేషం ఒకటి ఉన్నది. వ్యాధిని తొలిదశలోనే గుర్తించి, ఇన్సులిన్‌తో చక్కెరను అదుపు చేసి, ఆహారం మార్చిన పిల్లులలో గణనీయమైన భాగం కొన్ని వారాలలోనో నెలలలోనో ఇన్సులిన్ అవసరం లేని స్థితికి చేరుకుంటాయి. విశ్రాంతి పొందిన క్లోమం తన పనిని తిరిగి చేపడుతుంది. అందుకే మోతాదు మారకపోయినా పిల్లి చక్కెర తరచు తగ్గుతున్నట్లయితే వైద్యుడు మోతాదును అర యూనిట్ చొప్పున తగ్గిస్తూ, చివరకు సూదిని మాన్పిస్తాడు. దానిని సంపూర్ణ నివారణ అనడం తగదు. బరువు పెరిగినా, స్టెరాయిడ్ వాడినా, పాలన్నం మళ్ళీ మొదలైనా వ్యాధి తిరిగి రావచ్చును. సూది ఆగిన తరువాత కూడా ఆ ఇంటిలో పిల్లి నీటి గిన్నెను వారానికొకసారి కొలిచి చూస్తూనే ఉంటారు.